నేటాల్ వెళ్ళిన ముత్తాతగారి అన్న ఇంటిపేరు మార్చుకుని ఉంటే ఎలా వెతకాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ముత్తాతగారి అన్న 1890ల్లో విశాఖ వైపు నుంచి దక్షిణాఫ్రికా చెరకు తోటలకి వెళ్ళిపోయాడు, మీ ఇంటిపేరుతో ఎంత వెతికినా ఒక్కరూ తగలడం లేదు, పేరు మార్చుకున్నాడేమోనని మీ అనుమానం. మా ఇంట్లోనూ ఇంచుమించు ఇదే కథ, కాకపోతే మాకు ముత్తాత తమ్ముడు. దొరికాడు. అందుకే ముందే చెప్పేస్తున్నా, ఇంటిపేరుతో వెతకడం ఆపేయండి. ఆయన మార్చుకుని ఉండకపోవచ్చు, అసలు దాన్ని ఎవరూ రాసుకోకపోయి ఉండొచ్చు.

1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది, దక్షిణాఫ్రికాలో నేటాల్ అనే ప్రాంతపు రేవు అది. అప్పట్నుంచి 1911లో ఆపేసేదాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులు ఒప్పంద కూలీలుగా, అంటే ఇన్నేళ్ళు పనిచేస్తామని కాగితం రాసిచ్చి, నేటాల్ వెళ్ళారు, అందులో ఎక్కువమంది మద్రాసులోనే ఓడెక్కారు. ఓడ ఓడకీ జాబితా ఉంది. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, ఇవన్నీ రాశారు గానీ మనవాళ్ళ ఇంటిపేరుకి అందులో గడే లేదు. ఆ జాబితాలని టైపు చేసి క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాళ్ళు అందరికీ అందుబాటులో పెట్టారు. మీరు చూడాల్సిన మొదటి చోటు అదే.

అక్కడ ఊరి పేరుతో, తండ్రి పేరుతో వెతకండి. స్పెల్లింగ్ మాత్రం నమ్మొద్దు. మద్రాసు డిపోలో, అంటే ఓడెక్కే ముందు కూలీలని ఉంచే చోట, రాసుకున్నవాళ్ళకి మన ఊళ్ళ పేర్లు కొత్త, చెప్పేవాడికి చదువు రాదు, వినపడింది వినపడినట్టు రాసేశారు. సన్యాసి సనాసీ అవుతాడు, అప్పడు అప్పడూ (Appadoo) అవుతాడు, ఊరి పేరు చివర వలస, పాలెం, పేట లాంటివి ఉంటే సగం తెగిపోయి కనిపిస్తాయి. పేరులో గట్టిగా పలికే మూడు నాలుగు అక్షరాలు మాత్రమే ఇచ్చి వెతికితే పని తేలికవుతుంది.

ఒకవేళ ఊరి పేరు అస్సలు గుర్తుపట్టలేనట్టు ఉన్నా మనిషి పేరే కొంత ఆనవాలు. అప్పన్న, సింహాద్రి, అప్పలస్వామి అంటే సింహాచలం చుట్టుపక్కల, పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం వైపు, నూకరాజు అంటే అనకాపల్లి వైపు. నూటికి నూరుపాళ్ళు కాదనుకోండి, కానీ జాబితాలో కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి పనికొస్తుంది.

జిల్లా గడి దగ్గర చాలామంది బోల్తా పడతారు. అప్పట్లో శ్రీకాకుళం, అంటే వాళ్ళు రాసే చికాకోల్, గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా వేరైనప్పుడు విశాఖలో కలిసింది, శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా అయితే 1979లో. కాబట్టి 'గంజాం' అని కనపడగానే ఒరియావాడు అనుకుని వదిలేయకండి. మావాడు గంజాం కిందే ఉన్నాడు.

మా విషయానికొస్తే (పేర్లు రాయను, అటువైపు వాళ్ళని అడగలేదు), ఊరు, తండ్రి పేరు కలిసిన మనిషి ఒకడు కనిపించాడు. వయసు మాత్రం మా ఇంటి లెక్కకి కొన్నేళ్ళు తేడా. అది పెద్ద విషయం కాదు, ఆ రోజుల్లో పుట్టిన తేదీ ఎవరికి తెలుసు గనక. కానీ అదొక్కటే పట్టుకుని మావాడే అనేయలేం కదా, అందుకని అతని నంబరుకి పైనా కిందా ఉన్న నంబర్లు చూశాను. పక్క నంబరు మనిషిది కూడా మా ఊరే. ఊళ్ళో అడిగితే, మా వీధి చివర ఉన్న కుటుంబంలో ఒక పెద్దాయన "మా తాతయ్య అన్న కూడా పోయాడ్రా, మీవాడూ వాడూ కలిసే పోయారంటారు" అన్నాడు. జాబితాలో పేరుకి పేరు సరిపోయింది. ఇలా జట్లు జట్లుగా వెళ్ళినవాళ్ళు చాలామంది, మీ నంబరు దొరకగానే ముందూ వెనకా ఒక పేజీ చదవడం మానొద్దు.

ఆ నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే. దాన్నే కలోనియల్ నంబర్ అంటారు. పెళ్ళి నమోదులో, పిల్లల నమోదులో, చావు కాగితంలో ఆ నంబరు మనిషి వెంటే తిరుగుతుంది, పేరు ఎన్ని రకాలుగా రాసినా సరే. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఇండియన్ ఇమ్మిగ్రేషన్ ఫైళ్ళు కూడా ఉన్నాయి, నంబరుతోనూ పేరుతోనూ రెండు రకాలుగా వెతకండి. ఆపైన ఎస్టేట్ ఫైళ్ళు. మనిషి పోయాక ఆస్తి పంపకం కోసం పెట్టిన ఫైల్లో డెత్ నోటీస్ అనే కాగితం ఉంటుంది, తల్లిదండ్రులు, పుట్టిన చోటు, భార్య, పిల్లల పేర్లు అందులో రాయాలి. నేటాల్ ఎస్టేట్ ఫైళ్ళు చాలా వరకు ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో స్కాన్ చేసి ఉన్నాయి, ఉచితమే. నన్నడిగితే ఓడ జాబితా కంటే ఇదే గొప్ప కాగితం.

ఇక ఆయన పిల్లల తరం. అసలు తిరకాసు అక్కడుంది, ఎందుకంటే స్కూల్లోనో నమోదు ఆఫీసులోనో సర్‌నేమ్ అడిగితే తండ్రి పేరు చెప్పేశారు. అందుకే అక్కడ అప్పలసామి, అప్పలరాజు లాంటి మన పేర్లు ఇప్పుడు ఇంటిపేర్లు. లేదంటే కులం పట్టం అతికించుకున్నారు, నాయుడూ (Naidoo), రెడ్డి అని, తెలుగువాళ్ళే కాదు తమిళులు కూడా. మావాడి పెద్దకొడుకు సంతానం ఆయన పేరునే ఇంటిపేరుగా పెట్టుకుంది, చిన్నకొడుకు సంతానం నాయుడూ అయింది. ఒక తండ్రి పిల్లలు, రెండు ఇంటిపేర్లు, మన అసలు ఇంటిపేరు రెండింటిలోనూ లేదు! కాబట్టి ఆయన సొంత పేరునే ఇంటిపేరుగా పెట్టి వెతకండి. ఇంకొకటి, మనవాళ్ళు తాత పేరు మనవడికి పెడతారు కదా, ఆయన మొదటి కొడుక్కి మీ ముత్తాత తండ్రి పేరు ఉందేమో చూడండి. మాకు చివరి అనుమానం తీరింది దానితోనే.

కావాలని పేరు మార్చుకున్నవాళ్ళు లేరని కాదు. తోట నుంచి పారిపోయినవాడు మార్చుకుంటాడు. 1895 చట్టంతో, ఒప్పందం తీరాక మళ్ళీ పనికి ఒప్పందం రాసుకోకుండా, తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయేవాడి మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు, 1914 దాకా ఉంది. అది తప్పించుకోవాలనుకున్నవాడికీ కారణం ఉంది. కానీ ముందు మామూలు దారి అంతా చూసి, అప్పుడు ఆ అనుమానానికి రండి.

అసలు ఆయన నేటాలే వెళ్ళాడని గట్టిగా తెలుసా? 1866 నుంచి 1874 దాకా నేటాల్‌కి ఒప్పంద ఓడలే లేవు. మీరు 1890లు అంటున్నారు కాబట్టి ఆ గొడవ లేదు, ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లోగానీ మొదలవలేదు కాబట్టి అదీ కొట్టేయొచ్చు. బర్మా మాత్రం మిగిలే ఉంటుంది. బర్మా అయితే ఇలాంటి జాబితాల మీద ఆశ పెట్టుకోవద్దు, మేస్త్రీల (కూలీలని కుదిర్చి తీసుకెళ్ళేవాళ్ళు) ద్వారా వెళ్ళినవాళ్ళకి ఈ తరహా కాగితాలు ఉండవు.

మన రెవెన్యూ రికార్డుల గురించి కూడా అడిగారు. మన విశాఖ వైపు చాలా ఊళ్ళు విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీలు, రైతు పేరుతో ప్రభుత్వం సర్వే రికార్డు తయారుచేసింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి టెన్షన్ పడేకన్నా ఇంట్లో పాత దస్తావేజులు చూసుకోవడం నయం.

అక్కడి బంధువులు అనుకున్నవాళ్ళు తగిలితే డీఎన్‌ఏ టెస్ట్ మంచిదే, కాకపోతే మన మేనరికాల వల్ల కలిసే డీఎన్‌ఏ లెక్క పెరిగి అసలు చుట్టరికం కంటే దగ్గరగా చూపిస్తుంది. మూడో తరం అని వస్తే నాలుగో తరం కూడా కావొచ్చు. మనుషులని పట్టుకోవడానికి 1931లో మొదలైన ఆంధ్ర మహాసభ ఉంది, దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళ సంఘం అది, వాళ్ళ ద్వారా అక్కడి పెద్దల్ని కదిలించొచ్చు.

ఊరి పేరు, పాత తాలూకా, ఆయన తండ్రి పేరు రాయండి. జాబితాలో ఏయే స్పెల్లింగులతో ఉండొచ్చో నాకు తోచినవి చెప్తాను.