కర్రీ పాయింట్ పెడుతున్న స్వప్నకి పెద్దమ్మ రాసేది

స్వప్నా,

ఉద్యోగం మానేసి కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నాకు మాత్రం లోలోపల గర్వంగానే ఉంది. కానీ మెస్ నడిపి జుట్టు నెరిసినదాన్ని కదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు, నీళ్ల ట్యాంకు కడిగించడం, పచ్చి చికెన్‌కి వేరే కత్తి, వేరే చెక్క... ఇవి నీకు ఎవరైనా చెబుతారు. నా భయమంతా అన్నం గురించి.

మేం మెస్ పెట్టకముందు మీ పెదనాన్న ఒక హోటల్లో క్యాష్ కౌంటర్ మీద కూర్చునేవారు. ఓనరు మోసగాడు కాదు, శుభ్రమూ ఉంది. నడి వేసవిలో ఒక రాత్రి ఫంక్షన్ ఆర్డరు సగానికి తగ్గి గంగాళం నిండా అన్నం మిగిలిపోయింది. వేడి మీదే మూత పెట్టి వంటింట్లో వదిలేశారు. పొద్దున చూస్తే పైన చల్లారింది గానీ గరిటె లోపలికి దింపితే అడుగున ఇంకా గోరువెచ్చగా ఉందట. వాసన లేదు, జిగురు లేదు. పారేద్దామంటే ఓనరుకి చేతులు రాలేదు, ఫ్రైడ్ రైస్ చేయించి కాలేజీ పిల్లల పార్సిళ్లలో పంపేశాడు. రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి హోటల్ ముందు తల్లిదండ్రులు.

పిల్లలు సెలైన్లు ఎక్కించుకుని ఇళ్లకెళ్లిపోయారు, హోటలే కోలుకోలేదు. నెల టోకెన్లు కొన్నవాళ్లు డబ్బులు వెనక్కి అడిగారు, పాలవాడు అరువు ఆపేశాడు, వంట మాస్టర్ ఎదురు హోటల్లో చేరిపోయాడు. అద్దె, వడ్డీ మాత్రం ఆగవు కదా. కట్టిన జరిమానా కన్నా ఖాళీ టేబుళ్లే ఆయన్ని ముంచాయి.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుందే, దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ ఎంత వేయించినా పోదు. అందుకే రుచి చూసి, వాసన చూసి తేల్చుకుంటానంటే కుదరదు. అమ్మే అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, దాచేదైతే వెడల్పాటి ట్రేల్లో పల్చగా పరిచి త్వరగా చల్లార్చి 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొను. అసలు ఒకేసారి వార్చకుండా కొంచెం కొంచెంగా వండించుకుంటే ఈ గొడవే ఉండదు.

మెతుకు కింద పడితే కళ్లకద్దుకోమని నిన్ను పెంచింది మేమే. ఇంట్లో అలాగే ఉండు. షాపులో మాత్రం అనుమానం వస్తే పారబొయ్యి, నా మీద ఒట్టు, ఎవరి ముఖమూ చూడకు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. వంటవాళ్లకి విరేచనాలు పట్టుకుంటే చెప్పరే, జీతం కోస్తావని. వాళ్ల చేతుల మీదుగా రోగం కూరలోకి దిగుతుంది. అలాంటి రోజుల్లో జీతం ఇచ్చి ఇంటికి పంపు, అది ఖర్చు అనుకోకు. చేతికి తెగిన గాయం ఉన్నవాణ్ణి కూడా గరిటె పట్టనివ్వకు.

2006 ఆహార భద్రత చట్టం ప్రకారం మన తిండి వల్ల మనిషి పోతే కుటుంబానికి కనీసం 5 లక్షల పరిహారం కట్టాలి, జైలు వేరే. ఒక్కోసారి మన తప్పు లేకపోయినా నష్టం తప్పదు. 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది కదా, జాగ్రత్తగా చేసుకునేవాళ్లూ ఆపాల్సి వచ్చింది. ఒక్క ఐటమ్ మీదే షాపు నిలబెట్టకు. ఎవరైనా కడుపునొప్పి అని ఫోన్ చేస్తే "మా దగ్గర అలాంటివి జరగవండీ" అని వాదించకు, ముందు ఆసుపత్రికి వెళ్లారా అని అడుగు, ఏ రోజు కూరలు ఆ రోజే కొంచెం కొంచెం తీసి ఫ్రిజ్‌లో దాచి ఉంచే అలవాటు చేసుకో, టెస్టుకి అడిగితే చూపించడానికి ఉంటుంది.

చదివి విసుక్కుంటున్నావని తెలుసు. మీ అమ్మకి నేను సర్దిచెబుతాలే. ఓపెనింగ్‌కి ముందు రోజే వస్తాం, ఫ్రిజ్ ఆ పాటికి ఆన్‌లో ఉండాలి, నేను వచ్చి తలుపు తీసి చూస్తా. ఆవకాయ జాడీ తెస్తున్నాను, అది ఇంటికి మాత్రమే, కౌంటర్ మీద కనిపించిందో చెప్తా నీ సంగతి.

మీ పెద్దమ్మ