సొంతపాటల పోటీ: తోటివారి పాటకు సమీక్ష రాయడం ఎలా?

చెన్నైలో తెలుగువాళ్లు కాలనీల్లోనూ సంఘాల్లోనూ పెట్టుకునే సొంతపాటల పోటీల మీద ఈ నెల వచ్చిన ప్రశ్నలకు జవాబులివి.

ప్రశ్న: మా కాలనీ పోటీకి 12 పాటలు వచ్చాయి. సాహిత్యం, బాణీ రెండూ సొంతవే కావాలి. పాల్గొన్న ప్రతివారూ మిగతా 11 పాటలకూ రెండు వారాల్లో సమీక్ష రాయాలని నియమం. నాకు సంగీతం కొద్దిగా వచ్చు. అయినా ‘చాలా బాగుంది’ తప్ప ఏం రాయాలో తోచడం లేదు. (ఒక పాఠకురాలు, అన్నానగర్)

జవాబు: ముందు వినడం సంగతి చూద్దాం. పాట నాలుగు నిమిషాలనుకుంటే 11 పాటలూ ఒక దఫా వినడానికి ముప్పావుగంట పడుతుంది. అన్నీ ఒకే బిగిన వింటే సగం దాటేసరికి చెవి మొద్దుబారి, తర్వాతి పాటలకు అన్యాయం జరుగుతుంది. రోజుకు నాలుగు చాలు. రెండో దఫాలో వరుస తిరగేయండి.

అన్నిటినీ ఒకే ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఎలక్ట్రిక్ ట్రైన్‌లో వినకండి, ఆ రొదలో కిందిస్థాయి స్వరాలు మునిగిపోతాయి. శబ్దం పెద్దగా ఉన్న పాట మెరుగ్గా ఉన్నట్టు అనిపించడం చెవి స్వభావం. సద్దు తగ్గేకొద్దీ మంద్రస్వరాలు మరీ తక్కువగా వినిపిస్తాయి కాబట్టి పాట పలచబడినట్టుంటుంది. అందుకే పాడేవారి గొంతు అన్ని పాటల్లోనూ ఒకే స్థాయిలో ఉండేలా ప్రతిసారీ వాల్యూమ్ సర్దుకోవాలి.

మొదటిసారి సాహిత్యం కాగితం చూడకుండా వినండి. ఏ పాదం గుర్తుండిపోయింది, ఎక్కడ ధ్యాస పక్కకు పోయింది, ఏ మాట అర్థం కాలేదు అన్నవి రాసుకోండి. ఈ మూడూ మొదటి వినికిడిలోనే దొరుకుతాయి, మళ్లీ రావు. రెండోసారి కాగితం ముందు పెట్టుకుని, మూడోసారి చేత్తో తాళం వేస్తూ వినండి.

తాళం వేస్తుంటే తప్పులు వాటంతటవే బయటపడతాయి. ఔత్సాహికుల పాటల్లో తరచుగా కనిపించేది రెండో చరణం తప్పు. మొదటి చరణం బాణీతో కలిసి పుడుతుంది. రెండోదాన్ని తర్వాత కూర్చుని నింపుతారు, అక్కడ మాత్రలు, అంటే అక్షరాలు పలికే కాలం కొలతలు, తప్పుతాయి. లఘువుకు (పొట్టి అక్షరానికి) ఒకటి, గురువుకు (దీర్ఘానికి, సున్న ఉన్నదానికి, జంట అక్షరానికి ముందున్నదానికి) రెండు చొప్పున లెక్కపెట్టి చూడండి. ‘చినుకు పడితే నేల నవ్వెను’ అన్నది మొదటి చరణంలో పాదం అనుకుందాం. 3, 4, 3, 4, మొత్తం 14 మాత్రలు. గురజాడ ముత్యాల సరాల నడక ఇదే, ఏడేసి లెక్కల మిశ్రచాపు తాళంలో హాయిగా కూర్చుంటుంది. రెండో చరణంలో అదే చోట ‘మొయిలు కమ్మితే కొండలు దాగెను’ అని ఉంటే 3, 5, 4, 4, మొత్తం 16. ఎక్కువైన రెండు మాత్రల కోసం గాయని ‘తే’ని ‘తె’గా కుదించి, ‘లు’ని మింగేస్తుంది. వినేవాళ్లు ఉచ్చారణ బాగాలేదంటారు కానీ తప్పు గొంతుది కాదు, రచనది. ‘మొయిలు కమ్మగ కొండ దాగెను’ అంటే మళ్లీ 14కి వస్తుంది. సమీక్షలో ఇంత వివరంగా రాస్తే రాసినవారు ఆ సాయంత్రమే దిద్దుకోగలరు.

రెండో తప్పు సాగే స్వరం కింద హ్రస్వాక్షరం పడటం. ‘మది’ అన్న మాటలో ‘మ’ని నాలుగు అక్షరకాలాలు (తాళం లెక్కలు) సాగదీస్తే ‘మాది’ అని వినిపిస్తుంది. ‘పద’ అంటే ‘పాద’ అవుతుంది. దీర్ఘమున్న మాటను ఆ స్వరం కిందికి జరపాలి, లేదా స్వరాన్ని కుదించాలి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో కూడా గమనించండి. ‘రాననకు’లో ‘రా’ దగ్గర ఆగితే రమ్మని పిలిచినట్టవుతుంది, అర్థం తలకిందులవుతుంది.

చరణం నుంచి పల్లవికి తిరిగొచ్చే చోటును విడిగా, రెండుమూడు సార్లు వినాలి. పల్లవి అనాగత ఎత్తుగడలో, అంటే తాళం మొదలయ్యాక అర అక్షరకాలం ఆగి ఎత్తుకునేది అయితే, చరణం చివర ఆ ఖాళీ ఉంచాలి. చాలామంది అక్కడ మాట నింపేస్తారు. అప్పుడు పల్లవి తొందరపడి దూకినట్టుంటుంది. అర్థం కూడా అతకాలి. చరణం చివరి పాదం, పల్లవి మొదటి పాదం కలిపి చదివితే ఒక వాక్యంలా నిలబడాలి.

ఇక రాయడం. పాటకు 150 మాటలు చాలు. ఈ పాట ఏం చెబుతోందో మీకు అర్థమైనంతవరకు ఒక్క వాక్యంలో మొదట రాయండి. తన ఉద్దేశం చేరిందో లేదో రచయితకు అక్కడే తెలిసిపోతుంది. తర్వాత నచ్చినదాన్ని చోటుతో సహా చెప్పండి. దిద్దవలసినవి రెండు మించకుండా, సమయం, కారణం, ఉపాయం మూడూ కలిపి రాయండి. ‘రెండో చరణం తేలిపోయింది’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ‘2.10 దగ్గర మూడో పాదంలో రెండు మాత్రలు ఎక్కువయ్యాయి, అందుకే గాయని పరుగెత్తారు’ అంటే ఉపయోగం. పది తప్పులు పట్టి పంపితే ఏది ముఖ్యమో తెలియక రచయిత ఏదీ దిద్దరు. పాటను మీరే తిరగరాసి పంపడం మాత్రం వద్దు. ఒక పాదానికి ఉదాహరణ ఇచ్చి ఆగిపోవాలి.

ప్రశ్న: కొందరు స్టూడియోలో రికార్డు చేయించి పంపారు, కొందరు ఫోన్‌లో పాడి పంపారు. స్టూడియో పాటలే బాగున్నట్టు అనిపిస్తోంది. ఇది న్యాయమేనా? (ఒక పాఠకుడు, వడపళని)

జవాబు: పోటీ పాట రాయడంలో కాబట్టి న్యాయం కాదు. పరీక్ష సులువే. శ్రుతి ఒక్కటే పెట్టుకుని, తాళం వేస్తూ మీరే ఆ పల్లవి పాడి చూడండి. కీబోర్డు, డ్రమ్స్ తీసేశాక కూడా నిలబడితే అది మంచి పాట. స్టూడియో హంగులన్నీ తీసేశాక ఒకే స్వరం చుట్టూ తిరుగుతోందని తేలే పాటలు ఎన్నో ఉంటాయి.

రికార్డింగు గురించి రాయాలనుకుంటే చివర విడిగా రెండు వాక్యాలు రాయండి, మార్కుల్లో కలపకండి. మన ఊళ్లో ఫోన్ రికార్డింగులను ముందుగా పాడుచేసేది సీలింగ్ ఫ్యాను. ఉక్కపోసినా ఆ నాలుగు నిమిషాలు ఆపాల్సిందే. నోటికి ఫోనుకు మధ్య జానెడు దూరం ఉండాలి. ఫోను సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉంటే ప, బ, భ పలికేటప్పుడు వచ్చే గాలిదెబ్బ తగ్గుతుంది. ఖాళీ గదిలో గోడలు మోగుతాయి, బట్టల బీరువా తెరిచి దానికి ఎదురుగా పాడితే ఆ మోత చాలావరకు పోతుంది. వాద్యాల ట్రాకును ఇంకో ఫోను స్పీకర్లో పెట్టి పాడితే గొంతూ వాద్యమూ కలగలిసిపోయి తర్వాత విడదీయలేం, దాన్ని ఇయర్‌ఫోన్స్‌లోనే వినాలి. సమీక్షకులకు ఒక హెచ్చరిక: ఫోను స్పీకర్లో విని ‘బేస్ లేదు’ అని రాయకండి. అంత చిన్న స్పీకరు ఆ కిందిస్థాయి స్వరాలను పలికించలేదు.

ప్రశ్న: మా పోటీలో సగంమంది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. సాహిత్యాన్ని ఇంగ్లిషు అక్షరాల్లోనో తమిళ అక్షరాల్లోనో రాసి పంపారు. భాషాదోషాలకు మార్కులు తగ్గించాలా? (ఒక నిర్వాహకుడు, పెరంబూర్)

జవాబు: సమీక్షలు మొదలయ్యేలోపు సాహిత్యమంతా తెలుగు లిపిలోకి మార్పించండి. లిపి వచ్చినవారు ఒకరు రచయిత పక్కన కూర్చుని, పాడించుకుంటూ రాయాలి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన ‘కల’, ‘కళ’, ‘కాల’ ఒకేలా కనిపిస్తాయి. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం, ప, బలకూ ఒకే అక్షరం. ‘గాలి’కీ ‘కాలి’కీ, ‘పాట’కూ ‘బాట’కూ తేడా కాగితం మీద ఉండదు. ఆ కాగితం చూసి సమీక్షకుడు వేరే అర్థం తీసుకుంటే రచయిత తప్పు కాదు.

ఇక భాష. ‘ఉండాది’, ‘వస్తా ఉండాడు’ అనేవి దోషాలు కావు. ఇక్కడి తెలుగువాళ్లు తరతరాలుగా ఇంట్లో పలికే మాటలవి. పాటలో వాటికి పూర్తి హక్కుంది. వాటిని ‘శుద్ధమైన’ తెలుగులోకి మార్చమని సలహా ఇస్తే పాటలోని జీవం పోతుంది. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పాటంతా ఒకే మనిషి మాట్లాడుతున్నట్టు ఉందా? పల్లవిలో ‘ఉండాది’ అని, చరణంలో కారణం లేకుండా ‘విరాజిల్లెను’ అంటే అది లోపం. ఒత్తులు పలకకపోవడం, ‘భయం’ని ‘బయం’ అనడం గాయకుడి సంగతి. చెప్పండి కానీ సాహిత్యం మార్కుల్లో కోయకండి.

ప్రశ్న: మార్కులు ఎలా లెక్కించాలి? పదికి ఇమ్మంటే ఒకరు అందరికీ 8 వేస్తారు, ఒకరు 2 వేస్తారు. పగబట్టి తగ్గించేవారూ ఉంటారు. (అదే నిర్వాహకుడు)

జవాబు: పదికి మార్కులు వద్దు. ఒకరు 7 నుంచి 9 లోపల, మరొకరు 2 నుంచి 10 దాకా వేస్తే, ఫలితాన్ని రెండోవారి చెయ్యే నడిపిస్తుంది, మొదటివారి అభిప్రాయం ఉన్నా లేనట్టే. మార్కులకు బదులు వరుస అడగండి. 12 మంది ఉంటే ఒక్కొక్కరు మిగతా 11 పాటలను ఒకటి నుంచి 11 దాకా పేర్చాలి. అప్పుడు ప్రతి పాటకూ 11 స్థానాలు వస్తాయి. వాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి రాసి, మధ్యలో ఉన్న ఆరోదాన్ని ఆ పాట స్థానంగా తీసుకోండి. ఒకరిద్దరు కావాలని చివర పెట్టినా మధ్యస్థానం పెద్దగా కదలదు. రెండు పాటలు సమానమైతే 11 స్థానాలనూ కూడండి, తక్కువ మొత్తం వచ్చినది ముందు.

ఒకరు వరుస పంపకపోతే ఏమవుతుందో చూడండి. మిగతా పాటలకు పదేసి స్థానాలే ఉంటాయి, ఆయన పాటకు మాత్రం 11 ఉంటాయి. మొదటి స్థానానికి 11, చివరిదానికి 1 చొప్పున పాయింట్లు కూడే పోటీల్లో ఎగ్గొట్టినవాడికే లాభం. గడువులోగా సమీక్షలు పంపనివారి పాట పోటీలో ఉండదని మొదటి ప్రకటనలోనే రాయండి. సమీక్షలన్నీ ఒక్కరికే చేరాలి, అందరివీ అందేదాకా ఎవరికీ చూపించకూడదు. మొదటి సమీక్ష బయటికొస్తే తర్వాతివన్నీ దాని వెంటే నడుస్తాయి.

ప్రశ్న: ఒక పాట వింటే సినిమా పాట గుర్తొస్తోంది. సమీక్షలో రాయవచ్చా? (ఒక పాఠకురాలు, టి.నగర్)

జవాబు: ముందు రాగం చూడండి. మోహనలో ఉన్నవి ఐదే స్వరాలు, ఆ రాగంలో రెండు పాటలు ఒకదాన్నొకటి గుర్తుచేయడం సహజం. స్వరాల వరుస, తాళంలో అవి పడే చోటు, పాదం పొడవు మూడూ ఒక పూర్తి పాదంలో కలిస్తేనే అనుమానించాలి. అప్పుడు కూడా సమీక్షలో కాకుండా నిర్వాహకులకు విడిగా చెప్పండి. సినిమా బాణీకి కొత్త మాటలు రాసి ఉంటే మాటలు మాత్రమే సొంతం. 1957 కాపీరైటు చట్టం సాహిత్యాన్నీ సంగీతాన్నీ వేర్వేరు రచనలుగానే చూస్తుంది. ఇద్దరు పోటీదారులు ఒకే యాప్‌లోని ఒకే డ్రమ్స్ లూప్ (తిరిగి తిరిగి మోగే దరువు) వాడితే మాత్రం అది కాపీ కాదు.

ప్రశ్న: నా పాటకు వచ్చిన సమీక్షల్లో ఒకరు చరణం సాగిందన్నారు, ఒకరు అర్ధంతరంగా ఆగిందన్నారు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, మైలాపూర్)

జవాబు: ఇద్దరి వేలూ ఒకే చోటును చూపిస్తోంది, ఆ చోటును నమ్మండి. వాళ్లు చెప్పిన మందు మీద మాత్రం ఆధారపడకండి. చరణం చివరి రెండు పాదాలూ ఒకే సంగతిని రెండుసార్లు చెబుతుంటే ఒకరికి సాగినట్టు, కొత్త విషయం రాలేదు కాబట్టి మరొకరికి తెగినట్టు అనిపిస్తుంది. పొడవు మార్చకుండా చివరి పాదంలో సంగతి మార్చి, ఇంతవరకు ఆ పాట వినని ఇద్దరికి పాడి వినిపించండి. విన్నవాళ్లకే మళ్లీ వినిపిస్తే పాత పాదమే వాళ్ల చెవిలో ఉంటుంది.