లీజు మీద మీతోపాటు సంతకం చేసినవారు

వేరే రాష్ట్రంలో మంచి ఉద్యోగం దొరికిందనీ, ఇంటి లీజుకు ఇంకా ఐదు నెలల గడువు ఉన్నదనీ, నెలాఖరుకల్లా తన వాటా అద్దె కట్టేసి వెళ్లిపోతే తప్పేమిటనీ అమెరికాకు కొత్తగా వచ్చిన ఒక యువకుడు అడిగారు. ఉద్యోగం మారడం పూర్తిగా ఆయన ఇష్టం. చిక్కంతా ‘నా వాటా’ అన్న మాటలోనే ఉంది.

నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం చేస్తే సాధారణంగా అందులో ఉమ్మడి బాధ్యత షరతు ఉంటుంది. దాని ప్రకారం మొత్తం అద్దెను నలుగురిలో ఏ ఒక్కరి దగ్గరనైనా వసూలు చేసుకునే హక్కు యజమానికి ఉంటుంది. వాటాలన్నవి మనలో మనం వేసుకున్న లెక్కలే. అద్దె కట్టలేక వ్యవహారం కోర్టు దాకా వెళితే, ఆ ఖాళీ చేయింపు కేసు అద్దెదారుల పూర్వాపరాల నివేదికల్లో 7 సంవత్సరాల వరకు కనిపించవచ్చు, అదీ ఇంట్లో మిగిలిపోయినవారి పేర్ల మీద కూడా.

నేనూ ఒకప్పుడు ఇలాగే వెళ్లిపోయినవాడినే. అప్పుడు నా గదిలో ఉన్న మిత్రుడు చదువు ముగించి ఓపీటీ (చదువు అయ్యాక విదేశీ విద్యార్థులకు కొంతకాలం ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు కనుక, అతను గోడమీది క్యాలెండరులో రోజుకొక గీత గీసుకుంటూ ఉండేవాడు. నేను పెట్టె సర్దుకుంటున్న సాయంత్రం అతను ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. తాళంచెవి అందుకుని, “పరుపు ఉంచుతున్నావా, తీసుకెళుతున్నావా?” అని మాత్రం అడిగాడు. పరుపు ఉంటే గది చూడవచ్చినవారు వెంటనే దిగడానికి ఒప్పుకుంటారన్నది అతని ఆశ అని నాకు చాలా రోజుల తరువాత గాని తట్టలేదు. దాన్ని నేను అప్పటికే అమ్మేశాను.

కాబట్టి ఆ యువకునికి నేను చెప్పేదేమిటంటే, కొత్త ఉద్యోగంలో చేరే తేదీ ఒప్పుకునే ముందే ఇంట్లోవారిని కూర్చోబెట్టి విషయం చెప్పండి. వారిలో ఎవరికి జీతం వస్తున్నదో, ఎవరు ఇంకా వెతుకులాటలో ఉన్నారో తెలుసుకోండి. మీ స్థానంలోకి మరొకరిని వెతికే పని మీరే నెత్తిన వేసుకోండి. యజమాని లిఖితపూర్వకంగా అంగీకరించి, లీజులో పేరు మారేవరకు మీ అద్దె మీరే కడుతూ ఉండండి. డిపాజిట్టు లెక్క కూడా కాగితం మీద పెట్టుకోండి, స్నేహితులమే కదా అన్న మొహమాటం వద్దు.

ఇలా ముందే ఇంట్లో చెప్పడమన్నది పెళ్లైనవారికి మరింత వర్తిస్తుంది. హెచ్-1బి వీసా మీద చేసే ఉద్యోగం మానేస్తే దేశంలో ఉండి మరో దారి చూసుకోవడానికి దొరికే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే పత్రం) గడువు అంతకన్నా ముందే ముగిస్తే అప్పటివరకే. వారిపై ఆధారపడి హెచ్-4 వీసా మీద ఉన్న భార్యాపిల్లలకూ అదే వ్యవధి. రాజీనామా పంపిన తరువాత ఇంట్లో చెప్పినవారిని నేను చూశాను, అది ధైర్యమని మాత్రం అనలేను.

ఇక ఆ యువకుడు బయలుదేరే ముందు, పరుపు సంగతి కూడా వాళ్లను ఒకమాట అడగాలి.