పెంపుడు జంతువులకు ఆరోగ్య బీమా: కుక్కకు తీసుకోండి, పిల్లికి డబ్బు పక్కన పెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంట్లో ఏడాది వయసున్న లాబ్రడార్ కుక్క, పదేళ్లు దాటిన పిల్లి ఉన్నాయి, పిల్లికి మూత్రపిండాల జబ్బు మొదలైందని ఈమధ్య చేసిన రక్తపరీక్షలో తేలింది, రెండింటికీ ఆరోగ్య బీమా చేయించడం మంచిదా, లేక ఆ ప్రీమియం సొమ్మును నెలనెలా బ్యాంకులో వేసుకోవడం మేలా అని అడిగారు. నేను కొన్నేళ్లుగా మా కుక్కకు బీమా కడుతున్నాను, మా పిల్లికి మాత్రం ఆలోచించుకునే కట్టలేదు. రెండు పద్ధతులూ దగ్గరగా చూశాను కనుక నా సమాధానం ముందే చెప్పేస్తాను: కుక్కకు తీసుకోండి, పిల్లికి వద్దు.

ముందుగా డబ్బు లెక్క చూద్దాం. బీమా కంపెనీ అందరి దగ్గరా ప్రీమియం వసూలు చేసి, అందులోంచి క్లెయిములు చెల్లించి, జీతాలు, కమీషన్లు, లాభం అన్నీ ఆ సొమ్ములోంచే తీసుకోవాలి. కాబట్టి సగటున చూస్తే పాలసీదారులకు కట్టినదానికంటే తక్కువే తిరిగి వస్తుంది; అలా రాకపోతే ఆ వ్యాపారమే నడవదు. "కట్టిన డబ్బు తిరిగి వస్తుందా" అనే ప్రశ్నకు చాలామంది విషయంలో జవాబు "రాదు" అనే చెప్పాలి. అయితే బీమా తీసుకోవాలా వద్దా అన్నది తేలవలసింది ఆ ప్రశ్న మీద కాదని నా అభిప్రాయం. ఈ రాత్రే ఆపరేషన్ చేయాలని డాక్టరు అంటే, అప్పు చేయకుండా ఎంత బిల్లు వరకు మీరు కట్టగలరో ముందు నిజాయితీగా అనుకోండి. ఆ మొత్తానికి పైన వచ్చే ఖర్చు కోసమే బీమా. ఎంత పెద్ద బిల్లు వచ్చినా ఇబ్బంది పడకుండా కట్టగలిగినవారికి బీమా అవసరం లేదని సంకోచం లేకుండా చెబుతాను. డబ్బు చాలక, నయమయ్యే జబ్బుకు కూడా వైద్యం మానుకోవలసి వచ్చే పరిస్థితి ఉన్నవారికే దాని అవసరం ఎక్కువ.

మీ కుక్క జాతిని బట్టి చూస్తే ఈ వాదన ఇంకా బలపడుతుంది. లాబ్రడార్లు దొరికిందల్లా మింగుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో లోపం ఈ జాతిలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించారు. సాక్సు, బంతి ముక్క, మొక్కజొన్న కండె వంటివి పేగులో అడ్డుపడితే ఎక్స్-రే, స్కానింగ్, ఆపరేషన్, కొన్ని రోజుల ఆసుపత్రి వాసం అన్నీ ఒకేసారి మీద పడతాయి. తుంటి కీలు, మోచేయి కీలు సరిగా ఏర్పడకపోవడం, వెనక కాలి మోకాలిలో లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగడం కూడా ఈ జాతిలో తరచుగా కనిపించేవే. ఒక కాలిలో లిగమెంటు తెగిన కుక్కల్లో దాదాపు సగానికి కాలక్రమంలో రెండో కాలిలోనూ తెగుతుంది. అందుకే చాలా కంపెనీలు, పాలసీకి ముందే ఒక మోకాలికి సమస్య వచ్చి ఉంటే రెండో మోకాలిని కూడా పాత జబ్బు కిందే లెక్కగట్టి క్లెయిమ్ నిరాకరిస్తాయి. దీనికి తోడు వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ చెల్లని కాలం ఉంటుంది: ప్రమాదాలకు కొద్ది రోజులు, జబ్బులకు తరచుగా 14 రోజులు లేదా ఒక నెల, లిగమెంటు సమస్యలకు కొన్ని పాలసీల్లో ఏకంగా 6 నెలలు. కుక్క కుంటడం మొదలయ్యాక పాలసీ కోసం పరుగెత్తితే ప్రయోజనం ఉండదు. మీ కుక్కకు ఏడాదే కనుక, దాని రికార్డు ఇంకా దాదాపు ఖాళీగానే ఉంటుంది. బీమా తీసుకోవడానికి ఇంతకంటే అనువైన సమయం మళ్లీ రాదు.

ఇక అసలు చిక్కంతా పాలసీ రకంలో ఉంది. బయటికి అన్ని పాలసీలూ ఒకేలా కనిపిస్తాయి కానీ, దీర్ఘకాలిక జబ్బు వచ్చిన రెండో ఏడాదిలో వాటి అసలు రంగు బయటపడుతుంది. ప్రమాదాలకు మాత్రమే వర్తించే పాలసీ అన్నిటికంటే చౌక, కానీ జబ్బులకు ఒక్క పైసా ఇవ్వదు. కాలపరిమితి ఉన్న పాలసీ ఒక్కో జబ్బుకు మొదటి 12 నెలలు చెల్లించి, ఆ తర్వాత ఆ జబ్బును శాశ్వతంగా పక్కన పెట్టేస్తుంది. మూడో రకంలో గడువేమీ ఉండదు, ఒక్కో జబ్బుకు ఇంత అని ఒక మొత్తం రాసి ఉంటుంది. అది ఖర్చయిపోయిన రోజున ఆ జబ్బు కథ ముగుస్తుంది. జీవితకాల పాలసీలో ఏడాదికి ఒక పరిమితి ఉండి, మధ్యలో ఆపకుండా రెన్యువల్ చేసినంతకాలం ఆ పరిమితి ఏటా మళ్లీ మొదటికి వస్తుంది. ప్రీమియం దీనికే ఎక్కువ. అయినా తీసుకుంటే ఇదే తీసుకోండి అంటాను, ఎందుకంటే విరిగిన ఎముక ఒకసారి ఖర్చు పెట్టించి అతుక్కుంటుంది కానీ, చర్మ ఎలర్జీ, మధుమేహం, కీళ్ల అరుగుదల వంటివి జంతువు బతికినంతకాలం ఖర్చు పెట్టిస్తూనే ఉంటాయి.

మా కుక్క విషయంలో జరిగింది సరిగ్గా అదే. రెండేళ్ల వయసు దాటాక పాదాలు నాకుకోవడం, చంకల దగ్గర చర్మం ఎర్రబడడం మొదలైంది; పరీక్షల తర్వాత అది వాతావరణంలోని ధూళి, పుప్పొడి వల్ల వచ్చే ఎలర్జీ అని, నయమయ్యేది కాదు, అదుపులో పెట్టుకోవలసినదే అని డాక్టరు చెప్పారు. నెలకో ఇంజెక్షన్, మధ్యమధ్య చెవి మందులు, మందు కలిపిన షాంపూ, ఏడాదికి కొన్నిసార్లు చర్మం మీద ఇన్ఫెక్షనుకు మందులు. ఏ ఒక్క బిల్లూ పెద్దది కాదు, అన్నీ కలిస్తే తక్కువేమీ కాదు.

మొదటి క్లెయిమ్ పంపినప్పుడు కంపెనీ వారు పుట్టినప్పటి నుంచి కుక్కను చూపించిన ప్రతి క్లినిక్కు రికార్డునూ అడిగారు. అందులో పాలసీకి ముందు తేదీతో, పిల్లగా ఉన్నప్పటి చీటీలో "చెవి గోక్కుంటోంది" అని ఒక్క వాక్యం ఉంది. ఎలర్జీ ఉన్న కుక్కలకు చెవి దురద మామూలే కనుక, ఆ జబ్బు లక్షణాలు అప్పటికే ఉన్నాయని, ఇది పాత జబ్బేనని రాసి క్లెయిమ్ తిరస్కరించారు. నేను క్లినిక్కుకు వెళ్లి ఆనాటి పేజీ మొత్తం తీయించాను. అప్పుడు చెవిలోని మురికిని మైక్రోస్కోపు కింద చూసి చెవి పురుగులు ఉన్నాయని నిర్ధారించిన సంగతి, మందు వేశాక తగ్గిందన్న సంగతి అదే పేజీలో కింది వరుసల్లో ఉన్నాయి. చెవి పురుగులు వేరు, ఎలర్జీ వేరు, మధ్యలో ఏ లక్షణమూ లేని కాలం ఇంత ఉంది అని డాక్టరు రాసిచ్చిన ఉత్తరాన్ని జతచేసి అప్పీలు చేస్తే ఒప్పుకున్నారు. అప్పటి నుంచి క్లినిక్కు నుంచి బయటికి వచ్చేముందు ఆ రోజు ఏమి రాశారో చదువుకుని, ఒక ప్రతి తీసుకుని వస్తున్నాను. లక్షణం మాత్రమే రాసి కారణం రాయకుండా వదిలేసి ఉంటే, కారణం కూడా రాయమని మర్యాదగా అడుగుతాను. డాక్టర్లు దీనికి ఏమీ అనుకోరు.

చెల్లింపు లెక్కలో మరో మెలిక ఉంది. చాలా పాలసీల్లో మొదట కొంత మొత్తం మనమే భరించాలి, దాన్నే డిడక్టిబుల్ అంటారు. మిగిలినదానిలో 70, 80 లేదా 90 శాతం కంపెనీ ఇస్తుంది. బిల్లు 100 అనుకోండి, డిడక్టిబుల్ 10, చెల్లింపు 80 శాతం. ముందు డిడక్టిబుల్ తీసేసి ఆ తర్వాత శాతం లెక్కగడితే మీకు 72 వస్తుంది. ముందు శాతం లెక్కగట్టి ఆ తర్వాత డిడక్టిబుల్ తీసేస్తే 70 మాత్రమే వస్తుంది. తేడా చిన్నదే. కానీ డిడక్టిబుల్ ఏడాదికి ఒకసారా, ప్రతి జబ్బుకూ విడివిడిగానా అన్న తేడా మాత్రం చిన్నది కాదు, ముఖ్యంగా కుక్కకు ఒకే ఏడాదిలో చర్మం, కడుపు, కాలు అని మూడు రకాల సమస్యలు వచ్చినప్పుడు. కొన్ని కంపెనీలు జంతువుకు ఒక వయసు దాటాక బిల్లులో మరికొంత శాతాన్ని మన మీద వేస్తాయి. ప్రీమియం కూడా వయసుతో పాటు పెరుగుతుంది, మీరు ఒక్క క్లెయిమ్ చేయకపోయినా సరే. అందుచేత మొదటి ఏడాది ప్రీమియం చూసి నిర్ణయించుకోకండి. ఇదే జాతి, ఎనిమిదేళ్ల వయసు అని వివరాలిచ్చి ప్రీమియం ఎంతవుతుందో కంపెనీని అడిగి, ఆ అంకె మీరు మోయగలరో లేదో చూడండి. సగం దారిలో ఆపేసిన పాలసీ వల్ల పెద్దగా మేలు లేదు: అప్పటికి వచ్చిన జబ్బులన్నీ తర్వాతి కంపెనీకి పాత జబ్బులే.

టీకాలు, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వంటివి మామూలు పాలసీలో రావు. పళ్లు శుభ్రం చేయించడం కూడా సాధారణంగా రాదు. టీకా వేయించని కుక్కకు పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు) వస్తే క్లెయిమ్ నిరాకరించే షరతు చాలాచోట్ల ఉంటుంది కనుక టీకా కార్డు భద్రంగా దాచుకోండి. టీకాల వంటి ఈ మామూలు ఖర్చుల కోసం అదనపు ప్రీమియంతో విడిగా అమ్మే ప్యాకేజీలు నాకు నచ్చవు. ముందే తెలిసిన ఖర్చును కంపెనీ చేతి మీదుగా పెట్టడం తప్ప అందులో బీమా ఏమీ లేదు.

బీమా ఉన్నా చేతిలో కొంత డబ్బు ఉండాలన్న సంగతి కూడా ముందే తెలుసుకోవడం మంచిది. ఎక్కువ కంపెనీల పద్ధతిలో బిల్లు ముందు మనం కట్టాలి, ఆ తర్వాత కాగితాలు పంపితే డబ్బు ఖాతాలో పడుతుంది. నేరుగా క్లినిక్కుకే చెల్లించే ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. అందుకని నా సలహా: డిడక్టిబుల్ ఎక్కువగా ఉన్న పాలసీ ఎంచుకుని ప్రీమియం తగ్గించుకోండి, ఆ మిగిలినది నెలనెలా ఒక వేరే ఖాతాలో వేయండి. వేడి నీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు, చిన్న బిల్లులకు ఆ ఖాతా, పెద్ద బిల్లులకు బీమా సరిపోతాయి.

పిల్లి సంగతి వేరు. మూత్రపిండాల జబ్బు రికార్డుకెక్కింది కనుక ఇప్పుడు ఏ పాలసీ తీసుకున్నా దానికి వర్తించదు. అంతటితో ఆగదు: ఆ జబ్బు వల్ల రక్తపోటు పెరగవచ్చు, రక్తహీనత రావచ్చు, తిండి మానేయవచ్చు, బరువు తగ్గవచ్చు, వీటిలో దేనికి క్లెయిమ్ చేసినా దాన్ని పాత జబ్బుకే ముడిపెట్టే అవకాశం ఉంటుంది. ముసలి పిల్లులకు వచ్చే థైరాయిడ్, మధుమేహం, క్యాన్సర్ వంటివి మిగులుతాయన్న మాట నిజమే, కానీ వాటి కోసం ఆ వయసులో అడిగే ప్రీమియం కట్టడం దండగ అనిపిస్తుంది. పైగా మూత్రపిండాల జబ్బు ఖర్చును చాలావరకు ముందే ఊహించవచ్చు: కొన్ని నెలలకోసారి రక్తం, మూత్రం, రక్తపోటు పరీక్షలు, ప్రత్యేక ఆహారం, అవసరమైతే రక్తపోటు మాత్రలు, ముదిరాక చర్మం కింద ఎక్కించే సెలైన్. ఆ సెలైన్ ఇంట్లోనే ఎక్కించడం చాలామంది నేర్చుకుంటారు. ఏడాదికి ఇవన్నీ ఎంతవుతాయో మీ డాక్టరును అడిగితే ఒక అంచనా ఇస్తారు. దాన్ని 12తో భాగించి నెలకు అంత పక్కన పెట్టండి.

మా పిల్లి మా ఇంటికి వచ్చేనాటికే పెద్దది, పాత జబ్బుల చిట్టా పొడవు. అందుకే దానికి పొదుపు దారి ఎంచుకున్నాను. అది మగపిల్లి, ఒక రోజు మట్టి పెట్టెలోకి పదేపదే వెళ్లి, కూర్చుని, ఒక్క చుక్క కూడా పోయకుండా అరుస్తూ బయటికి వచ్చింది. మగపిల్లుల్లో మూత్రనాళం సన్నగా ఉండి స్ఫటికాలతో, జిగురుతో పూడుకుపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. గొట్టం వేసి, ఆసుపత్రిలో ఉంచి, బాగుచేసి పంపారు. పక్కన పెట్టిన సొమ్ములో చాలా భాగం ఆ ఒక్కసారితో అయిపోయింది, కానీ సరిపోయింది. పొదుపు దారిలో బలహీనత ఇక్కడే ఉంది: అదే ఆపద ఖాతా తెరిచిన మూడో నెలలో వచ్చి ఉంటే సరిపోయేది కాదు. కాబట్టి ఆ ఖాతాను సున్నాతో మొదలుపెట్టకండి. ఒక అత్యవసర చికిత్సకు ఎంతవుతుందో క్లినిక్కులో అడిగి, కనీసం అందులో సగమైనా మొదటి రోజే వేసి ఉంచండి.

కుక్కకు పాలసీ కొనేముందు ఒకసారి పూర్తి పరీక్ష చేయించి, ఇప్పటివరకు ఉన్న రికార్డు మొత్తం తీసుకుని, కంపెనీకి మూడు ప్రశ్నలు మెయిల్ చేయండి: ఈ రికార్డులో మీరు పాత జబ్బుగా లెక్కించేది ఏదైనా ఉందా; తుంటి, మోచేయి వంటి వంశపారంపర్యంగా వచ్చే కీళ్ల సమస్యలు కవర్ అవుతాయా; ఈ ఏడాది మొదలైన జబ్బుకు వచ్చే ఏడాది రెన్యువల్ తర్వాత కూడా చెల్లిస్తారా. ఫోనులో చెప్పే జవాబు తర్వాత పనికిరాదు. రాతలో ఇవ్వడానికి తటపటాయించే కంపెనీ ప్రీమియం ఎంత తక్కువైనా సరే, నేనైతే తీసుకోను.