గేదె ఈనిందా అని అడుగుదామనుకున్నాడట

“మా అబ్బాయికి పదహారేళ్లు. రెండు ముక్కలకు మించి మాట్లాడడు, అన్నీ నేనే చూసుకుంటా అంటాడు. మళ్లీ దగ్గరవడం ఎలా?” అని ఒకరు అడిగారు. నా జవాబు ఒక్కటే. వాడికి నిజమైన పని ఒకటి అప్పజెప్పండి. ఆ పనిలో వాడు చెప్పినట్టు మీరు వినండి. పిల్లలు మన మాట వినడం లేదని బాధపడతాం కానీ, వాళ్ల మాట మనం విని ఒక పని చేసి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోండి.

నాకు మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద ఐదెకరాలుంది. మావాణ్ని పదో తరగతి కాగానే హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న కాలేజీలో ఎంపీసీలో చేర్చాను. మార్చిలో ఫస్టియర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చినవాడు నాకు కొత్త మనిషిలా కనిపించాడు. తిన్న కంచం తనే కడిగేవాడు, బట్టలు తనే ఉతుక్కునేవాడు. వాళ్లమ్మ వడ్డించబోతే “నేను పెట్టుకుంటాలే అమ్మా” అనేవాడు. నేను గదిలోకి వెళ్తే ఒక చెవిలో ఇయర్‌ఫోన్ మాత్రం తీసి, ఏంటన్నట్టు చూసేవాడు. ఏమడిగినా “ఊ”, “తెలీదు”, “చూద్దాం”. మూడు వారాలు అలాగే గడిచాయి. రాత్రుళ్లు నాకు నిద్ర పట్టేది కాదు.

ఏప్రిల్ చివర్లో 1010 రకం వడ్లు కోయించి, ప్రభుత్వం వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో పోశాం. తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా వేస్తారు. మాది మొదటి రోజు 22 చూపించింది. నాలుగు రోజులు ఎండబోసి, తిరగేసి 16కు తెచ్చాం. తీరా అప్పుడు గన్నీ సంచులు లేవన్నారు. యాసంగి (రబీ) వడ్లు ఎప్పుడొస్తాయో అందరికీ తెలుసు, సంచులు మాత్రం ఏటా ఆఖరి నిమిషం దాకా రావు. రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి.

ఐదో రోజు రాత్రి కాపలాకు నాతో రావాల్సిన మా తమ్ముడికి జ్వరం వచ్చింది. “వాణ్ని తీసుకెళ్లండి” అంది మా ఆవిడ. ఇష్టం లేకుండానే బండెక్కాడు. పదకొండు దాటాక పడమర మెరుపులు మొదలయ్యాయి. నేను టార్పాలిన్ పట్టాలు తీసి కుప్ప మీద కప్పబోతుంటే వాడు ఫోన్ లైట్ వేసి నేలంతా చూసి వచ్చాడు. “నాన్నా, నేల మనవైపే వాలుంది. రోడ్డు మీది నీళ్లన్నీ కుప్ప కిందికే వస్తాయి. పైన కప్పి ఏం లాభం? నువ్వు, పక్కవాళ్లు కలిసి కుప్ప దగ్గరికి లాగండి, నేను కాలువ తీస్తా” అన్నాడు.

ముప్పై ఏళ్లుగా వడ్లు పండిస్తున్నవాణ్ని. నీకేం తెలుసురా అనే మాట నోటి దాకా వచ్చింది. గాలి లేచింది, వాదించే టైమ్ లేదు. వాడు చెప్పినట్టే చేశాను. వాడు పార తీసుకుని కుప్ప చుట్టూ జానెడు లోతు కాలువ తీశాడు. పట్టా అంచుల మీద రాళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో కూడా వాడే చెప్పాడు. వాన ముప్పావుగంట దంచి కొట్టింది. మధ్యలో పక్క కుప్ప ముసలమ్మ పట్టా ఎగిరిపోతే పరుగెత్తి దాని మీద పడుకున్నాడు. వాన తగ్గాక చూస్తే నీళ్లన్నీ ఆ కాలువ వెంట పక్కకు పోతున్నాయి. మా కుప్ప అడుగు పొడిగా ఉంది.

ఇద్దరం తడిసిపోయి ట్రాక్టర్ ట్రాలీ కింద కూర్చున్నాం. కాసేపటికి వాడే అడిగాడు, “నాన్నా, మన గేదె ఎప్పుడు ఈనింది?”

“సంక్రాంతి అయ్యాక.”

“నాకు చెప్పలేదు.”

“నువ్వు అడగలేదు కదరా.”

అప్పుడు చెప్పాడు. ఆదివారం హాస్టల్ ఫోన్ దగ్గర ఒక్కొక్కరికి ఐదు నిమిషాలట. వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు. టైమ్ సరిపోదని, ఇంట్లో ఏమేం అడగాలో రఫ్ నోట్స్ ఆఖరి పేజీలో రాసుకునేవాడట. నేను ఫోన్ ఎత్తగానే వీకెండ్ టెస్ట్‌లో ఎన్ని వచ్చాయని అడిగేవాణ్ని. చెబితే, ఎందుకు తగ్గాయని అడిగేవాణ్ని. అంతలో ఐదు నిమిషాలూ అయిపోయేవి. “గేదె ఈనిందా” అన్న లైను మూడు వారాలు ఆ పేజీలో అలాగే ఉండిపోయిందట. “నాలుగో వారం కొట్టేశా” అన్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతోంది. రాత్రి రెండింటి దాకా మాట్లాడాడు. రూమ్‌లో తన పక్క మంచం పిల్లవాడు ఏడాది మధ్యలో మానేసి వెళ్లిపోయిన సంగతి, ఫిజిక్స్ ఇష్టమవడం, కెమిస్ట్రీ అంటే వచ్చే టెన్షన్, అన్నీ. నేను ఒక్క సలహా ఇవ్వలేదు.

అందుకే చెబుతున్నాను, సినిమాకు, హోటల్‌కు తీసుకెళ్తే పిల్లలు దగ్గరవరు. తమ కోసమే ఆ ఏర్పాటంతా చేశామని వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. వడ్ల కుప్ప తడిస్తే నిజంగా నష్టం, అక్కడ వాడి మాట నిజంగా అవసరమైంది. మీకు పొలం లేకపోతే కొట్టు ఉంటుంది, ఇంటి రిపేరు ఉంటుంది, నాయనమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లే పని ఉంటుంది. అది పూర్తిగా వాడికి వదలండి. తప్పు చేస్తే చేయనివ్వండి.

ఈ హాస్టల్ చదువుల గురించి కూడా చెప్పాలి. వారానికి ఐదు నిమిషాలే మాట్లాడనిచ్చే, ఇంటర్ బోర్డు సెలవులిచ్చినా క్లాసులు పెట్టే చోట వదిలి, పిల్లవాడు మనతో మాట్లాడడేమని మనమే అడుగుతున్నాం. అప్పులు చేసి మరీ చేర్పిస్తున్నది మనమే. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కాంటా రోజు కూడా వాడే నిలబడ్డాడు. 40 కిలోల బస్తాకు సంచి బరువు ఆరు వందల గ్రాములు కలిపినా 41 దాటకూడదు. సెంటర్ వాళ్లు తరుగు పేరుతో 41 కిలోల 500 గ్రాములు తూస్తున్నారు. వాడు ప్రతి తూకం ఫొటో తీస్తూ, గొంతు పెంచకుండా లెక్క అడిగాడు. 41 దగ్గర ఆపారు. మా 320 సంచులకు 160 కిలోలు మిగిలాయి. అప్పటి ధర క్వింటా 2320 లెక్కన మూడు వేల ఏడొందలు. ఇన్నేళ్లూ నేను ఆ తూకం చూస్తూ ఊరుకున్నాను.

జూన్‌లో “ఇక్కడే టౌన్‌లో చేరు, రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చు” అన్నాను. “వద్దు నాన్నా, ఒక్క ఏడాదే కదా, అక్కడే చదువుతా” అన్నాడు. వాళ్లమ్మ ఏడ్చింది, నాకూ మనసొప్పలేదు. అయినా వాడి మాటే ఖాయం చేశాను.

ఇప్పుడు ఆదివారం ఫోన్ రాగానే ముందు నేనే దూడ గురించి, వానల గురించి, వాళ్లమ్మ మోకాలి నొప్పి గురించి చెబుతాను. మార్కుల సంగతి అడగను, వాడే చెబుతున్నాడు. పోయిన వారం, ఈ వానాకాలం సన్న వడ్లు వేద్దాం, ప్రభుత్వం క్వింటాకు 500 బోనస్ ఇస్తోంది కదా అన్నాడు. ఐదెకరాల్లో మూడెకరాలకు ఆర్ఎన్ఆర్ 15048 అనే సన్న రకం విత్తనం తెచ్చాను. మిగతా రెండెకరాల సంగతి వచ్చే ఆదివారం మాట్లాడదామన్నాడు.