చినగురువు గారెవరు?

ప్రశ్న: మా తాతయ్య సాలూరు చినగురువు గారి గురించి తెగ చెప్తారు. హైదరాబాద్‌లో సంగీతం నేర్చుకునే నా ఫ్రెండ్స్ ఆ పేరే వినలేదట. నిజంగా అంత గొప్పాయనా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ ఫ్రెండ్స్‌కి ఘంటసాల తెలుసు కదండీ, ఆయనకి విజయనగరం సంగీత కళాశాల రోజుల్లో పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారే ఈ చినగురువు గారు. హార్మోనియం వాయిస్తూ పాడేవారు. సినిమాకి వెళ్లిన శిష్యుడి గొంతు ఊరూరా మోగింది, పాఠం చెప్పిన గురువు పేరు మాత్రం మన ఉత్తరాంధ్ర దాటి పెద్దగా పోలేదు. పంతుళ్లకి పోస్టర్లు ఎవరు వేస్తారు చెప్పండి! అలాగని అందరి సంగతీ అంతే అనలేం, అదే కళాశాలలో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి దేశమంతా పేరొచ్చింది, 1957లో పద్మశ్రీ కూడా. కచేరీలకి ఊళ్లు తిరగడం ఆయనకి కలిసొచ్చింది. మీ తాతయ్య చెప్పేవి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఇవాళే.