అలంకార నీలగిరి: చెట్టుగా వదలాలా, పొదగా మార్చాలా?

ప్రశ్న: తోటలో అందం కోసం రెండేళ్ల కిందట వెండి రంగు గుండ్రటి ఆకుల నీలగిరి (జామాయిల్) మొక్కలు మూడు నాటాం. అప్పుడే నాలుగు మీటర్లు దాటాయి. కింది కొమ్మలు ఎండి రాలిపోయి బోసిగా ఉన్నాయి. పైన వచ్చే ఆకులు పొడవుగా, పచ్చగా మారిపోతున్నాయి. ఒక మొక్క గాలికి ఒరిగింది. తల నరికేస్తే గుబురుగా వస్తాయా? ఎప్పుడు, ఎంత మేర కత్తిరించాలి?

జవాబు: సగం ఎత్తులో తల నరకొద్దు. గుబురు వస్తుంది కానీ కోత దగ్గరే చీపురు కట్టలా వస్తుంది, కింద బోసితనం అలాగే ఉంటుంది. బెరడులో దాగి ఉన్న మొగ్గల నుంచి పుట్టే ఆ కొమ్మలకు మొదట్లో కాండంతో పట్టు తక్కువ. ఏటా అదే చోట కోస్తూ పోతే ఇబ్బంది లేదు. ఒకసారి కోసి వదిలేస్తేనే బరువెక్కి గాలివానకు మొదలంటా చీలి పడతాయి.

ఆకులు మారడం తెగులు కాదు, మొక్క వయసుకు వస్తున్న గుర్తు. నీలగిరి లేత వయసులో ఎదురెదురుగా గుండ్రటి ఆకులు వేస్తుంది, ముదిరాక కొడవలి ఆకారపు పొడవాటి ఆకులు వేస్తుంది. గన్నీ (Eucalyptus gunnii) అనే రకంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సినేరియా (Eucalyptus cinerea) అనే రకంలో గుండ్రటి ఆకులు చాలాకాలం నిలుస్తాయి. మొదట్లోకి కోసినప్పుడు వచ్చే పిలకలు మళ్లీ లేత ఆకులతోనే మొదలవుతాయి. అంటే వెండి రంగు ఆకులు కావాలంటే ఏటా గానీ, రెండేళ్లకోసారి గానీ కోస్తూనే ఉండాలి. అలా కోసే మొక్క పూత పూయదని గుర్తుంచుకోండి. కాబట్టి ముందుగా ఏ మొక్క చెట్టు, ఏది పొద అన్నది తేల్చుకోండి.

ఒరిగిన మొక్కను ముందు చూడాలి. మొదలు పట్టుకుని ఊపండి. కాండం చుట్టూ మట్టిలో సందు ఏర్పడి మొక్క మొత్తం కదులుతుంటే లోపం వేళ్లలో ఉంది. కుండీలో ఎక్కువకాలం ఉండి వేళ్లు చుట్టలు చుట్టుకున్నాక నాటిన మొక్కలకే ఎక్కువగా ఇలా అవుతుంది. మట్టి కొద్దిగా తీసి చూసినప్పుడు కాండం చుట్టూ లావుపాటి వేరు బిగుసుకుని ఉంటే ఆ మొక్క మీద శ్రమ దండగ, తీసేసి చిన్న మొక్క నాటుకోండి. నీలగిరిలో జానెడు మొక్క నాటితే, మనిషెత్తు మొక్కకన్నా గట్టిగా నిలుస్తుంది. వేళ్లు బాగుండి కేవలం తల బరువుకు ఒరిగితే మాత్రం దాన్ని పొదగా మార్చడమే మేలు.

పొదగా మార్చే కోత చలి తీవ్రత తగ్గి, కొత్త చిగురు కదలబోయే ముందు చేయాలి. చలికి ముందు కోస్తే వచ్చిన లేత చిగుళ్లు మాడిపోతాయి. నడి ఎండల్లో కోస్తే మోడు ఎండుతుంది. నీటి ఎద్దడిలో ఉన్న మొక్కను అసలు ముట్టుకోవద్దు. నేలమట్టం దగ్గర కాండం ఉబ్బెత్తుగా, గడ్డలా ఉందేమో చూడండి. మొగ్గలూ నిల్వ ఆహారమూ ఉండేది ఆ దుంపలోనే. అది ఉన్న మొక్కను నేల నుంచి 30 సెం.మీ. ఎత్తులో, పదునైన రంపంతో, నీరు నిలవకుండా కొంచెం ఏటవాలుగా కోయండి. దుంప కనిపించకపోతే కింద ఒక పచ్చని కొమ్మ ఉంచి కోయడం క్షేమం. నీలగిరి ఆకు రాల్చే చెట్టు కాదు, ఏడాది పొడవునా దానికి ఆహారం తయారయ్యేది ఆకుల్లోనే. ఒక్కసారిగా అన్నీ పోతే కొన్ని మొక్కలు తేరుకోవు. అందుకే మూడింటినీ ఒకే ఏడాది కోయకండి.

కోత దగ్గర ఎర్రటి జిగురు కారితే భయపడొద్దు, గాయం మూసుకోవడానికి చెట్టు చేసే ఏర్పాటు అది. రంగు, తారు పూయక్కర్లేదు.

ఎక్కువమంది తప్పు చేసేది ఆ తరవాతే. మోడు నుంచి పదుల కొద్దీ పిలకలు వస్తాయి, గుబురుగా ఉందని ముచ్చటపడి అన్నీ ఉంచేస్తారు. వెలుతురు కోసం పోటీపడి అన్నీ సన్నగా సాగిపోతాయి. పిలకలు మూరెడు కాకముందే నాలుగైదు ఉంచి మిగతావి తీసేయండి. వాటిని కత్తిరించకండి, లేతగా ఉండగానే చేత్తో పక్కకు లాగి మొదలంటా పెరకండి. కత్తిరిస్తే అక్కడే మళ్లీ రెండు మూడు పుడతాయి. మోడుకు కింది వైపున, గాలి వచ్చే దిక్కున పుట్టినవాటిని ఉంచితే వాటి పట్టు గట్టిగా ఉంటుంది. ఈ దశలో యూరియా వేయొద్దు, పిలకలు నీరుపట్టి వాలిపోతాయి. లేత ఆకుల ఈనెల మీద, తొడిమల మీద బొడిపెలు కనిపిస్తే అది గాల్ కందిరీగ పని. ఆ చివుళ్లు తుంచి కాల్చేయండి.

చెట్టుగా ఉంచే మొక్కకు పని తక్కువ. నడి కాండం ఒక్కటే ఉండాలి. రెండు సమానంగా పోటీపడుతుంటే బలహీనమైనదాన్ని ఈ ఏడాది సగానికి తగ్గించి, వచ్చే ఏడాది పూర్తిగా తీసేయండి. కింది కొమ్మలు తొందరపడి తీయకండి. కాండం మొదట్లో లావెక్కేది వాటి ఆకుల వల్లే, అవి లేకపోతే వెదురు గెడలా సన్నగా సాగుతుంది. మొత్తం ఎత్తులో మూడింట రెండు వంతులు ఆకు ఉండేలా చూసుకోండి. ముంజేతి లావు కొమ్మ అయితే మూడు కోతల్లో తీయండి. ముందు కాండానికి జానెడు దూరంలో కింది నుంచి మూడోవంతు గాటు పెట్టండి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి కొమ్మను పడేయండి, చివరికి మిగిలిన మొద్దును కోయండి. కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బెత్తు పట్టీని మాత్రం తాకొద్దు. ఒకే కోతలో తెగ్గొడితే బెరడు బారెడు కిందికి చీలుకుపోతుంది.

ఎర్ర పూల నీలగిరి అంటు మొక్క కూడా మీ తోటలో ఉంటే దానికి పై పద్ధతి వర్తించదు. అంటు కట్టిన చోటు కన్నా కింద కోస్తే అడుగున వేళ్ల కోసం వాడిన వేరుమొక్క రకమే పైకి వస్తుంది, పూల రకం పోతుంది.